పెరటి ఆక్వాపోనిక్సు: చేపలకన్న ముందు నీటిని మాగబెట్టవలెను

పెరటిలో ఒక తొట్టి, దాని ప్రక్కన కంకర నింపిన ఒక మడి, రెంటి నడుమ నీటిని త్రిప్పు చిన్న మోటారు. తొట్టిలో చేపలు, మడిలో ఆకుకూరలు. చేపలు తిని విడిచినది కూరలకు ఎరువగును; కూరల వేళ్ళ నడుమ శుభ్రపడిన నీరు మరల చేపలకు చేరును. ఈ పద్ధతికే ఆక్వాపోనిక్సు అని పేరు. దీనికి మట్టి అక్కరలేదు. ఆవిరియై పోయినంత నీటిని మాత్రము అప్పుడప్పుడు పోసిన చాలును. నీటి ఎద్దడిగల ఊళ్ళలో ఇంటి కూరకు, వారమున కొక పూట చేపల పులుసుకు ఇది అనువైన పద్ధతియే.

దీనిని గూర్చి విని మా కార్యాలయములకు వచ్చు రైతులు సాధారణముగా రెండు రకములుగా నుందురు. మొదటివారు ఇంకను మొదలుపెట్టనివారు. ఎంత ఖర్చగును, ఏ చేప మంచిది అని అడుగుదురు. రెండవవారు మొదలుపెట్టి వారము దినములైనవారు. చేపలన్నియు ఎందుకు చచ్చినవి అని అడుగుదురు. వీరి చేతిలో ఒక నీటిసీసా ఉండును. అందలి నీరు తేటగా, వాసన లేక, మనము త్రాగవచ్చునేమో అనునట్లు కనబడును. చేపపిల్లలకు రోగము లేదు. మేత మంచిదే. మోటారు నడచుచునే యున్నది. తప్పంతయు ఒక్కచోటనే యున్నది. తొట్టి నింపిన దినముననే, లేదా ఆ మరునాడే, చేపలను వదలినారు.

ఈ వ్యాసములో తొట్టి కట్టుటను గూర్చి ఎక్కువ చెప్పబోము. ఆ పని ఊరిలోని ప్లంబరుకు తెలియును. తొట్టి నింపిన దినమునకు, చేపలను వదలు దినమునకు నడుమ గడువవలసిన అయిదారు వారములను గూర్చియే చెప్పుదుము. ఆ వారములలో తొట్టిలో ఏమియు లేనట్లు కనబడును. కాని అసలు సేద్యము అప్పుడే జరుగును.

నీటిలో జరుగు పని

చేప తన మొప్పల ద్వారా ఎడతెగక అమ్మోనియాను విడుచుచుండును. తినగా మిగిలిన మేత, మలము కుళ్ళినపుడు కూడ అమ్మోనియాయే పుట్టును. తెల్లవారుజామున పశువుల కొట్టము తలుపు తీయగానే ముక్కుకు ఘాటుగా తగులు వాయువు ఇదియే. 32 శాతము మాంసకృత్తులు గల మేత 100 గ్రాములు వేసినచో సుమారు 3 గ్రాముల అమ్మోనియా నీటిలో చేరునని లెక్క. 1,000 లీటర్ల తొట్టిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు. దానిని హరించునది లేనిచో అయిదు దినములలో లీటరుకు 15 మిల్లీగ్రాములగును. నీరు మాత్రము తేటగానే యుండును. వారము తిరుగకముందే చేపలు ఎందుకు తేలినవను ప్రశ్నకు సమాధానము ఇదియే.

ఈ అమ్మోనియాను తొలగించు పని మోటారు చేయదు. మొలకదశలోనున్న కూరమొక్కలు చేయజాలవు. ఆ పని చేయునవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. ఇవి రెండు జట్లుగా పనిచేయును. మొదటి జట్టు అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. నైట్రైటు కూడ చేపకు విషమే. రెండవ జట్టు ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రేటు చేపకు దాదాపు హానిలేనిది, మొక్కకు మంచి ఆహారము. మొదటి జట్టులో నైట్రోసోమోనాసు, రెండవ జట్టులో నైట్రోస్పైరా అనునవి ముఖ్యమైనవి. పాత పుస్తకములలో రెండవ పనికి నైట్రోబాక్టరు పేరే కనబడును. మంచినీటి చేపల తొట్లలో నైట్రోస్పైరాయే హెచ్చుగా నుండునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. ఈ రెండు పనులను తానొక్కటే చేయగల నైట్రోస్పైరా జాతులున్నవని 2015లో కనుగొనిరి. రైతునకు పేర్లకంటె వరుస ముఖ్యము. ముందు అమ్మోనియా, తరువాత నైట్రైటు, చివరకు నైట్రేటు.

ఈ వరుస మీకు క్రొత్తది కాదు. పచ్చిపేడను మొక్క మొదట వేసినచో మొక్క మాడును. అదే పేడ గుంటలో మాగిన తరువాత వేసినచో బలమిచ్చును. పాత ఊళ్ళ దిబ్బలనుండి పాటిమన్నును బండ్లపై తోలుకొనివచ్చి పొలమునకు వేయుట మన పెద్దలెరిగినదే. తరతరములుగా మనుష్యులు, పశువులు నివసించిన ఆ నేల సారములో ఈ జీవులు చేసిన నైట్రేటు ఒక భాగము.

1877లో ష్లోసింగు, మ్యుంట్సు అను ఇరువురు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఇసుక, సున్నపురాయి నింపిన పొడవాటి గొట్టము గుండా మురుగునీటిని మెల్లగా కారనిచ్చిరి. సుమారు 20 దినముల వరకు పైన పోసిన అమ్మోనియా మార్పులేక క్రిందికి వచ్చెను. ఆ తరువాత అమ్మోనియా తగ్గి నైట్రేటు కనబడసాగెను. గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరిని పంపగా పని నిలిచిపోయినది. తోటమట్టి కడిగిన నీటిని చేర్చగా మరల మొదలైనది. ఈ మార్పు చేయునది రాయియు కాదు, ఇసుకయు కాదు, ప్రాణముగల జీవి అని అట్లు తేలినది. మీ పెరటిలోని కంకరమడి ఆ గొట్టము వంటిదే. ఆ ఎదురుచూపు మీకును తప్పదు.

పాలు తోడుకొనుటకు ఒక రాత్రి చాలును. ఈ జీవులకు వారములెందుకని అడుగవచ్చును. పెరుగులోని జీవులు బహువేగముగా పెరుగును. నైట్రేటు చేయు జీవులు రెట్టింపగుటకే దాదాపు ఒక దినము పట్టును. మొదట గుప్పెడైనను లేని చోట, కంకరలోని ప్రతి రాతిని అవి పొరగా అంటుకొనుటకు కాలము కావలయును. ఇవి నీటిలో ఈదుచుండునవి కావు, రాళ్ళను పట్టుకొని జీవించునవి అని గుర్తుంచుకొనుడు. దీని ప్రయోజనము ముందు తెలియును.

ఒకే అంకె, రెండు ఫలితములు

"మా బావమరిది తొట్టిలో అమ్మోనియా 2 ఉన్నను చేపలు బ్రతికినవి, మా తొట్టిలో చచ్చినవి" అని కొందరు వాపోవుదురు. ఇరువురు చెప్పునదియు నిజమే. అమ్మోనియా నీటిలో రెండు రూపములలో నుండును. ఒకటి చేపకు అంతగా హాని చేయనిది, రెండవది మొప్పలను కాల్చునది. ఏ రూపము ఎంత అనునది నీటి ఉదజని సూచికపైన, వేడిమిపైన ఆధారపడును. ఉదజని సూచిక అనగా మీ భూసార పరీక్షా పత్రములో కనబడు పి.హెచ్. అంకెయే.

నీటి వేడిమి 30 డిగ్రీలున్నపుడు, సూచిక 7 అయినచో మొత్తము అమ్మోనియాలో నూటికి ఒక పాలు కూడ విషరూపమున నుండదు. 8 అయినచో నూటికి 7 పాళ్ళు, 8.5 అయినచో 20 పాళ్ళు, 9 అయినచో 44 పాళ్ళు విషరూపము దాల్చును. ఈ విషరూపము లీటరుకు 0.05 మిల్లీగ్రాములున్నను మొప్పలు దెబ్బతినును. లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా గల నీటిలో సూచిక 7 వద్ద విషభాగము 0.016 మాత్రమే, 8 వద్ద 0.15. బావమరిది బావినీరు, మీ బోరునీరు ఒకటి కాకపోవచ్చును. మన మెట్ట ప్రాంతములలో పలుచోట్ల బోరునీటి సూచిక 7.5 మొదలు 8.5 వరకు ఉండును. ఎండ తగిలి పాచిపట్టి పచ్చబడిన నీటిలో మధ్యాహ్న సమయమున 9 దాటుట కూడ కలదు. అందుచేత తొట్టికి మూతగాని నీడవలగాని తప్పక ఉండవలెను. సూక్ష్మజీవులకు కూడ సూటియైన ఎండ గిట్టదు.

నైట్రైటు సంగతి వేరు. అది మొప్పల ద్వారా రక్తములో చేరి, రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని పోగొట్టును. చేప నీటి ఉపరితలమునకు వచ్చి నోరు తెరచి గాలికై ఆడుచుండును. గాలిమోటారు చక్కగా నడచుచున్నను ఇట్లు జరిగినచో నైట్రైటును అనుమానింపుడు. మొప్ప మూత ఎత్తి చూచినచో ఎర్రగా నుండవలసినది ముదురు గోధుమరంగుగా కనబడును. అప్పటి మట్టుకు ప్రాణము కాపాడునది ఉప్పు. 1,000 లీటర్లకు 200 గ్రాముల కల్లుప్పును నీటిలో కరగించి పోసినచో, ఉప్పులోని క్లోరైడు నైట్రైటును మొప్పలలోనికి చొరనీయక అడ్డగించును. ఆ పరిమాణము కూరమొక్కలకు బాధింపదు. ఇది చికిత్స మాత్రమే. మాగబెట్టిన తొట్టిలో ఈ అవసరమే రాకూడదు.

నీరు, కంకర

మొదటి ప్రయత్నమునకు 1,000 లీటర్ల తొట్టి, 2 చదరపు మీటర్ల మడి చాలును. మడి లోతు 30 సెంటీమీటర్లు ఉండవలెను. డాబాపై పెట్టదలచువారు 1,000 లీటర్ల నీరు ఒక టన్ను బరువని, కంకర బరువు దానికి అదనమని తెలిసికొని, కట్టడము ఓర్చునో లేదో మేస్త్రీని అడిగిన తరువాతనే పెట్టవలెను.

కంకర 10 మొదలు 20 మిల్లీమీటర్ల నల్లరాయిదైనచో మంచిది. సున్నపురాయి జాతి కంకర పనికిరాదు. అది నీటిలో కరగుచు సూచికను దిగనీయదు. పల్నాడు, కడప ప్రాంతములవారు దీనిని ప్రత్యేకముగా గమనింపవలెను. పరీక్ష సులభము. నాలుగు రాళ్ళపై నిమ్మరసముగాని వెనిగరుగాని పోసి చూడుడు. నురుగు పొంగినచో ఆ రాయి వద్దు. కంకరను నీరు తేటగా వచ్చువరకు కడిగి రాతిపొడి పోగొట్టవలెను.

పంచాయతీ కుళాయినీరు వాడువారు ఒక విషయము మరువరాదు. ఆ నీటిలో బ్లీచింగు పౌడరు కలుపుదురు. కుళాయి వద్ద లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనన్నది త్రాగునీటి ప్రమాణము. మనకు మేలుచేయు ఆ క్లోరినే తొట్టిలోని సూక్ష్మజీవులకు, చేపలకు హానికరము. నీటిని పట్టి, మూతలేక, గాలిమోటారు నడుపుచు ఒకటి రెండు దినములుంచినచో క్లోరిను పోవును. తరువాత నీరు కలుపునపుడు కూడ ఇట్లే చేయవలెను.

బోరునీరు గట్టినీరని చాలమంది చిన్నచూపు చూచెదరు. నీరు ఉప్పనైనచో పనికిరాదన్నది నిజమే. కాని మాగబెట్టు దశలో గట్టినీటి క్షారగుణము మనకు పెట్టుబడి వంటిది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేటుగా మారునపుడు, సున్నపురాయి లెక్కలో సుమారు 7 గ్రాముల క్షారగుణము ఖర్చగును. బోరునీరు ఈ ఖర్చును భరించును. వాననీటిని మాత్రమే పట్టి నింపిన తొట్టిలో ఆ నిలువ ఉండదు. రెండు మూడు వారములలోనే సూచిక 6.5 కంటె దిగువకు పడును. సూచిక పడిన కొలది జీవుల పని మందగించి, 6 వద్దకు వచ్చునప్పటికి దాదాపు నిలిచిపోవును. వాననీరు వాడువారు బోరునీటిని సగము కలుపుకొనుట మేలు.

మాగబెట్టు విధానము

తొట్టి, మడి నింపి, మోటారును రెండు దినములు నడిపి, ఎక్కడను కారుట లేదని చూచుకొనిన తరువాత పని మొదలుపెట్టవలెను. జీవులకు మేత కావలయును. వాటి మేత అమ్మోనియాయే. చేపలు లేకయే ఆ మేతను మనము అందింపవచ్చును. నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని ఉండునట్లు చేసిన చాలును. అమ్మోనియం సల్ఫేటు ఎరువులో నూటికి 21 పాళ్ళ నత్రజని ఉండును గనుక 1,000 లీటర్లకు 10 గ్రాములు సరిపోవును. మడిలోని నీటిని కూడ లెక్కలో చేర్చుకొనుడు. ఎరువును చెంబెడు నీటిలో కరగించి తొట్టిలో పోయవలెను. నవాసారముతో కూడ ఈ పని జరుగును గాని, సారా కాచువారి పుణ్యమా అని ఆబ్కారీవారి కన్ను దానిపై నుండును. వెదకి తెచ్చుకొనుట అనవసరము.

యూరియా వేయవచ్చునా అని అడుగుదురు. 5 గ్రాములు వేసిన చాలును గాని, అది నీటిలో అమ్మోనియాగా మారుటకు కొన్ని దినములు పట్టును. మొదటి రెండు దినములు పరీక్షలో ఏమియు కనబడక, రైతు మరికొంత, మరికొంత వేయును. అంతయు ఒక్కసారిగా విడివడి జీవులనే అణచివేయును. అందుచేత యూరియా వద్దు. పచ్చిపేడ, పశువుల మూత్రము కూడ వద్దు. చేపల చెరువులో పేడ వేయుదురు, నిజమే. కాని ఇక్కడ అదే నీటితో పెరిగిన కొత్తిమీరను పచ్చిగా తినెదము.

జీవులను ఎక్కడనుండి తేవలెను? గాలిలో, మట్టిలో అవి ఉన్నవి, ఊరకున్నను చేరును. తొందరగా చేరవలెనన్నచో తోడు వేయవలెను. ఇంతకుముందే చక్కగా నడచుచున్న తొట్టినుండి, చేపలకు రోగములేదని తెలిసిన చోటునుండి, ఒకటి రెండు బక్కెట్ల కంకరను తడి ఆరకముందే తెచ్చి మీ మడిలో కలుపుడు. అయిదారు వారముల పని రెండు మూడు వారములలో ముగియవచ్చును. చెరువు బురదను తేవలదు. దానితో జలగలు, రోగములు వచ్చును. తోడు దొరకనివారు పురుగుమందులు తగులని తోటమట్టి చారెడు గుడ్డలో మూటకట్టి మడిలో నీరు పడుచోట ఉంచినను చాలును. 1877 నాటి శాస్త్రజ్ఞులు చేసినదియు అంతే.

మందుల దుకాణములలో నీటిని శుద్ధిచేయు పొడులనేకము దొరకును. కొనుటకు ముందు డబ్బాపై చదువుడు. బాసిల్లసు అను పేరు మాత్రమే ఉన్నచో, అది కుళ్ళిన మేతను, మలమును విడగొట్టు జీవి. అమ్మోనియాను నైట్రేటుగా మార్చు జట్టులోనిది కాదు. నైట్రేటు చేయు ఈ జీవులు గింజవలె ఎండి నిద్రించు గుణము లేనివి గనుక పొడిరూపములో నిలువయుండుట కష్టము. ఆ డబ్బు పరీక్ష కిట్టుకు ఖర్చు చేసినచో ఎక్కువ లాభము.

కిట్టు లేకుండ ఈ పని చేయబూనుట చీకటిలో దుక్కి దున్నుటయే. అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు, ఉదజని సూచికలను చూచు కిట్లు రొయ్యల రైతులకు సరుకులు అమ్ము దుకాణములలో దొరకును. భీమవరము, కైకలూరు, నెల్లూరు ప్రాంతములవారికి నీటి పరీక్షాశాలలే అందుబాటులో నున్నవి. ఒక నోటుపుస్తకములో తేదీ వేసి, రెండు దినములకొకసారి అంకెలను వ్రాసికొనుడు. ఇంటిలో చదువుకొను పిల్లలకు ఈ పని అప్పగించినచో తప్పక చేయుదురు; రంగు మారుట వారికి వేడుక.

నీరు 27 మొదలు 30 డిగ్రీల వేడిమిలో నున్నపుడు పని సుమారుగా ఇట్లు నడచును. మొదటి వారము పది దినములు అమ్మోనియా కదలదు. అంకె 2 వద్దనే నిలుచును. ఇచ్చట ఓర్పు నశించి మరల ఎరువు వేయరాదు. రెండవ వారములో ఒకనాడు అమ్మోనియా తగ్గుట, నైట్రైటు కనబడుట మొదలగును. అమ్మోనియా 0.5 కు దిగినపుడెల్ల మరల 10 గ్రాములు వేయుడు. మూడవ వారమునకు అమ్మోనియా దినములో మాయమగును గాని నైట్రైటు కిట్టులోని రంగులపట్టీ చివరివరకు పోవును. ఇదియే అందరిని మోసగించు ఘట్టము. అమ్మోనియా సున్నా అయినదని చూచి, నైట్రైటును పరీక్షింపక చేపలను వదలినచో, అవి అమ్మోనియాతో గాక నైట్రైటుతో చచ్చును. రెండవ జట్టు మొదటి జట్టుకంటె ఆలస్యముగా బయలుదేరునని గదా చెప్పుకొంటిమి. ఈ దశలో ఎరువును 5 గ్రాములకు తగ్గించి వేచియుండవలెను. నాలుగవ, అయిదవ వారములలో నైట్రైటు కొన్ని దినములలోనే గబగబ పడిపోవును. నైట్రేటు పెరుగుచుండును.

కూరనారును వేయుటకు నైట్రేటు కనబడిన సమయమే తగినది. తోటకూర, పాలకూర, గోంగూర, చుక్కకూర, పుదీనా మొదటి విడతకు మంచివి. నారు వేళ్ళకున్న మట్టిని కడిగి నాటవలెను. టమాట, వంగ మొక్కలకు మరింత బలము కావలయును గనుక అవి తొట్టి పాతబడిన తరువాతనే.

ఇక తుది పరీక్ష. సాయంకాలము 10 గ్రాముల అమ్మోనియం సల్ఫేటు వేయుడు. మరునాటి సాయంకాలమునకు అమ్మోనియా, నైట్రైటు రెండును సున్నా కావలెను. ఇట్లు వరుసగా మూడు దినములు జరిగినచో నీరు మాగినది. దీని భావము తెలిసికొనుడు. మీ మడి దినమునకు 2 గ్రాముల అమ్మోనియాను జీర్ణించుకొనగలదు. అనగా 65 గ్రాముల మేత తిను చేపలను అది పోషింపగలదు. చేపల సంఖ్యను బట్టి గాక, వేయు మేతను బట్టి మడి శక్తిని కొలువవలెను.

చలికాలములో ఈ గడువు పెరుగును. తెలంగాణ మెట్టలలో పుష్యమాసపు నీటిలో జీవుల పని చాల నిదానము. దసరాకు తొట్టి నింపినవారు కార్తీకము చివరకు చేపలను వదలగలరు. మృగశిర కార్తె నాటికి సొంత పెరటి చేప తినవలెనను కోరికగలవారికి ఈ లెక్క అనుకూలము.

గ్రామాధికారులకు ఒక మనవి

పాఠశాలలలోను, పంచాయతీ ఆవరణలలోను ఇట్టి తొట్లను ప్రదర్శనకు కట్టించుట మంచి పనియే. కాని ప్రారంభోత్సవము నాడే పెద్దల చేతులమీదుగా చేపపిల్లలను వదలించు ఆచారము మాత్రము ఈ పద్ధతికి సరిపడదు. ముందురోజు తొట్టి అంచులను బ్లీచింగు పౌడరుతో కడిగించుట మరియు హానికరము. నెల దినములు పెంచిన జీవులు ఒక పూటలో నశించును. ప్రారంభోత్సవపు తేదీని నిర్ణయించువారు పంచాంగముతోబాటు నైట్రైటు పుస్తకమును కూడ చూడవలెను. తొందర తప్పనిచో ఆనాడు కూరనారును నాటించుడు. ఫోటోకు అదియు అందముగానే యుండును. పదవ దినమున తేలిన చేపలను చూచిన ఊరివారు మరి ఆ పద్ధతి పేరెత్తరు; వారికి తిరిగి నమ్మకము కలిగించుట మాబోటి వారికి ఏండ్ల పని.

చేపలను వదలుట, తరువాతి జాగ్రత్తలు

చేపలను వదలుటకు ముందు మూడవవంతు నీటిని తీసి, క్లోరిను లేని నీటిని నింపుడు. జీవులు రాళ్ళపై ఉన్నవి గనుక నీరు మార్చినంత మాత్రమున పోవు. రాళ్ళను మాత్రము కుళాయినీటితో కడుగరాదు.

చిన్న తొట్టికి తిలాపియా అనువైనది, కాని దానిని పెంచుటకు మత్స్యశాఖవారి అనుమతి కావలెను. ముందుగా వారిని సంప్రదింపుడు. బంగారుతీగ కూడ పెరుగును. బొచ్చె, శీలావతి చెరువులో తిరుగవలసిన చేపలు, తొట్టిలో రాణింపవు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకము నిషిద్ధము, ఎవరు అమ్మినను కొనవలదు. 10 గ్రాముల పిల్లలు 35 చాలును. సంచిని అరగంటసేపు తొట్టి నీటిపై తేలనిచ్చి, కొద్దికొద్దిగా తొట్టి నీటిని సంచిలో కలిపి, తరువాత పిల్లలను మాత్రము వదలవలెను. సంచినీటిని తొట్టిలో పోయరాదు. ఆ దినమునుండి ఎరువు వేయుట పూర్తిగా మానవలెను.

మొదటి వారము దినమునకు 10 గ్రాముల మేత చాలును, రెండు పూటలుగా పంచి వేయుడు. ఆ వారము ప్రతిదినము పరీక్ష చేయుడు. అమ్మోనియాగాని నైట్రైటుగాని 1 దాటినచో మేత ఆపి, మూడవవంతు నీరు మార్చుడు. నాలుగు దినములు మేత లేకున్నంతమాత్రమున చేప చావదు. మేత వేసినచో చచ్చును.

కరెంటు పోయినచో చేపలకు ప్రాణవాయువు కొన్ని గంటలలోనే కరవగును. బ్యాటరీతో నడచు చిన్న గాలిమోటారును సిద్ధముగా ఉంచుకొనుడు. మడిలోని జీవులకు కూడ గాలి కావలయును. మోటారు చాలసేపు ఆగునపుడు మడిలో నీరు నిలువక తొట్టిలోనికి దిగిపోవునట్లు అమర్చుకొనవలెను. లేనిచో మడి కుళ్ళి కోడిగ్రుడ్డు మురిగిన వాసన కొట్టును. తడిచేతులతో మోటారును ముట్టరాదు, ఎర్తింగు లేని తీగ వాడరాదు.

కూరలకు పురుగు పట్టినచో చేతితో ఏరివేయుటయే. ఏ పురుగుమందును, వేపనూనెను గూడ, నీటిలో పడనీయరాదు. ప్రక్క పొలములో మందు కొట్టు దినమున తొట్టిపై గుడ్డ కప్పుడు.

రెండు మూడు నెలలు గడచిన తరువాత లేత ఆకులు ఈనెలు పచ్చగా, నడుమ పసుపుగా మారినచో ఇనుము లోపించినదన్నమాట. చేపమేతలో ఇనుము చాలినంత ఉండదు. అన్నభేది వేసినచో తుప్పుగా మారి అడుగున పడును. చీలేటు రూపములోని ఇనుమును లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున కలుపవలెను. నెలలు గడచు కొలది సూచిక దిగుచుండును. 6.5 చేరునప్పటికి గుల్లలనుగాని ఆలిచిప్పలనుగాని కడిగి సంచిలో కట్టి తొట్టిలో వ్రేలాడదీయుడు. మెల్లగా కరగి సరిచేయును. సున్నపుతేట పోయవలసివచ్చినచో చిన్న గ్లాసెడు చొప్పున, దినమునకొకసారి, పరీక్ష చూచుకొనుచు పోయవలెను. ఒక్కసారిగా సూచిక 8 దాటినచో ఏమగునో పైన చెప్పితిమి.

మేతను చేపల ఎదుగుదలను బట్టి పెంచవచ్చును గాని వారమునకు 10 గ్రాములకు మించి పెంచరాదు. మడిలోని జీవులు ఆ మేరకు వృద్ధిచెందుటకు వ్యవధి ఇయ్యవలెను. 2 చదరపు మీటర్ల మడికి దినమునకు 100 గ్రాములు హద్దు. ఆ హద్దు చేరిన దినమునుండి పెద్ద చేపలను ఒకటొకటిగా పట్టి వండుకొనుచుండవలెను.